ఈ తూణీరం అక్షయం కాదు

సద్దుల బతుకమ్మ మర్నాడు, దసరా ఇంకా ఒక్క రోజుందనగా, కొండాపూర్‌లో మా అక్కావాళ్ల ఫ్లాటుకి వెళ్లాను. హన్మకొండ ఇల్లు అద్దెకిచ్చి పెద్దనాన్న ఆరేళ్లుగా కూతురి దగ్గరే ఉంటున్నారు. నేను వెళ్లేసరికి డైనింగ్ టేబుల్ మీద పాత పేపరు పరిచి, స్టీలు టిఫిన్ డబ్బా మూత తీసి, అందులోంచి తూటాలు ఒక్కొక్కటే తీసి నిలబెడుతున్నారు. మొత్తం పదకొండు. ఒక్కోటి రెండున్నర సెంటీమీటర్లు కూడా లేదు. చింతపండు పెట్టి తోమక ఏళ్లయిన చెంబులా ఇత్తడి నల్లబడింది. రెండింటికి మెడ దగ్గర పచ్చటి చిలుము పట్టింది. పిస్టల్ మాత్రం బీరువాలోనే ఉంది. రేపు ఆయుధపూజకి గానీ బయటికి రాదు.

ఎదురుగా బావ కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ సగం మూసి ఉంది. వాళ్లిద్దరి మధ్య ఒక ఫారం. ఆయుధాల నిబంధనలు 2016 ప్రకారం లైసెన్సుదారుకి 70 ఏళ్లు నిండినా, ఆయుధం చేతికొచ్చి 25 ఏళ్లు దాటినా, దాన్ని వారసుల పేర మార్చమని అడగవచ్చు. పెద్దనాన్నకి 74. మా తాత కొన్న పిస్టల్‌ని అక్క పేర రాయాలని ఆయన ఆరాటం. బావ అడ్డం పడ్డాడు. మామా అల్లుళ్లు కనక ఇద్దరూ ‘మీరు’ అనే కొట్లాడుకుంటారు. ఒకరిది ఓరుగల్లు, ఒకరిది తెనాలి. నేను టీ కప్పుతో మధ్యలో కూర్చున్నాను.

అల్లుడు: మామయ్యా, మీ అమ్మాయి పేర మార్చడానికి నాకేం అభ్యంతరం లేదు. మార్చేది ఏమిటన్నదే నా బాధ. రీఫిల్ దొరకని పెన్నుని ఎవరైనా ఆస్తిగా రాసిస్తారా?

మామ: దొరకదని ఎవరు చెప్పిన్రు అల్లుడుగారూ? దొరుకుతలేదంటే వేరు, దొరకదంటే వేరు.

అల్లుడు: మొన్న మీరే కదా ఆబిడ్స్ వైపు వెళ్లి అడిగొచ్చారు?

మామ: అడిగిన. .25 లేవన్నడు. .32 డబ్బా చూపిచ్చిండు.

అల్లుడు: అంతకుముందు ఎప్పుడు కొన్నారు?

మామ: అమ్మాయి పదో తరగతిల ఉన్నప్పుడు... యాది లేదు. అప్పుడు గూడ ఎవరో బొంబాయి ఆయన దగ్గర పాత సరుకుంటే తెప్పిచ్చిండు.

అల్లుడు: చూశారా! అప్పటికే పాత సరుకు. కొత్తది ఈ దేశంలోకి వచ్చి ఎన్నాళ్లయింది?

సంగతి తెలియని వాళ్లకోసం ఒక మాట. పెద్దనాన్నది బెల్జియం ఎఫ్‌ఎన్ కంపెనీ చేసిన బ్రౌనింగ్, 6.35 ఎంఎం. మన డీలర్ల భాషలో ‘25 బోరు’. జాన్ బ్రౌనింగ్ 1905లో చొక్కా జేబులో పట్టే పిస్టల్ కోసం ఈ తూటాని రూపొందించాడు. ఒకప్పుడు జమీందార్లు, షావుకార్లు, కాంట్రాక్టర్లు మోజుపడి కొన్నారు. 1980ల మధ్యలో పౌరులకి విదేశీ ఆయుధాల దిగుమతి ఆగిపోయింది. పేరున్న షూటర్లకి మినహాయింపు ఉంది గానీ, ఏ పోటీలోనూ ఈ బోరు వాడరు. కాబట్టి ఆ తలుపు కూడా దీనికి మూసినట్టే. మన సర్కారు ఫ్యాక్టరీలు పిస్టల్‌కి, రివాల్వర్‌కి .32 చేశాయి. ఆ రెండూ ఒకటి కాదు. పిస్టల్‌ది పొట్టి, రివాల్వర్‌ది పొడుగు. .25 జోలికి వెళ్లలేదు.

మామ: సరే, బెల్జియంది బెల్జియంకే పోయిందనుకుందాం. ఊళ్లె మా చిన్నాయన దగ్గర రైఫిల్ ఉండె, యాదుందా? (ఇది నాతో.) అడవి పందులు మక్క చేన్ల పడుతున్నయని తీసుకున్నడు. ఏ బోరు?

నేను: 315.

మామ: ఆ తూటా ఎవరిదో తెలుసా అల్లుడుగారూ? ఆస్ట్రియా-హంగరీ చక్రవర్తి ఫౌజుది. మాన్‌లిషర్ రైఫిల్ది. 1880ల నాటిది. ఆ చక్రవర్తి పోయిండు, ఆ రాజ్యం పోయింది. 1930లల్ల ఆస్ట్రియా వాళ్లే దాన్ని పక్కన పడేసి వేరే తూటా పట్టుకున్నరు. పుట్టిన దేశంల సచ్చిపోయింది. మనకాడ? ఇషాపూర్ ఫ్యాక్టరీ రైఫిల్ చేసె, తూటా గూడ మనదే. యూపీ నుంచి మన మంథని దాకా ఏ రైతునన్న అడుగుండ్రి, 315 అంటడు. వియన్నాల చెప్పితే ‘అది మ్యూజియం సరుకు’ అంటరు. మరి అది బతికింది, ఇది బతకదా?

ఇక్కడ బావ కాసేపు మాట్లాడలేదు. నేనూ లోపల పెద్దనాన్నకి ఒక మార్కు వేశాను. వయసుకీ చదువుకీ మించిన ఉదాహరణ అది. పేపర్లో ఎక్కడో చదివి దాచుకున్నారు.

అల్లుడు: ఎందుకు బతికిందో కూడా చెప్పండి మామయ్యా.

మామ: ఎందుకేంది, మంచి తూటా గనక.

అల్లుడు: కాదు. .303 సైన్యానిది గనక. సైన్యం తూటా పౌరుల ఇంట్లో ఉండకూడదని తెల్లవాళ్లు రూలు పెట్టారు. వాళ్ల భయం వాళ్లది. స్వాతంత్ర్యం వచ్చాక మన 1959 చట్టం కూడా ఆ భయాన్ని అలాగే మోసుకొచ్చింది. .303 ఇవ్వకూడదు, రైతుకి మాత్రం రైఫిల్ కావాలి. సైన్యం వాడని బోరు ఏదని వెతికితే ఈ అనాథ తూటా కనిపించింది. బాగుందని కాదు, సైన్యానికి పనికిరాదని పెంచుకున్నారు.

మామ: పెంచుకున్నరు గద!

అల్లుడు: ఇంకోటి వినండి. 1907 ప్రాంతంలో తెల్ల సర్కారు ఇక్కడ .450 బోరుని నిషేధించింది. పులుల వేటకి వచ్చే దొరల తుపాకుల్లో చాలా ఆ బోరువే. లండన్ తుపాకీ కంపెనీలు ఏడుస్తూ కూర్చున్నాయా? ఏడాది తిరగకుండా .470, .465 అని కొత్త బోర్లు పుట్టించాయి. ఇక్కడ కలకత్తాలో ఒక గుమాస్తా కాగితం మీద అంకె కొట్టేస్తే అక్కడ లండన్‌లో కొత్త తూటా పుట్టింది. తూటా బతుకు ఫ్యాక్టరీలో కంటే ముందు గెజిట్‌లో తేలుతుంది, అంతే నేను చెప్పేది.

మామ: అయితే .32?

అల్లుడు: అదే అసలు తమాషా. ఐరోపాలో .32ని ముసలి బోరంటారు. జర్మనీ పోలీసులు 1970లలోనే దాన్ని వదిలేసి 9 ఎంఎం పట్టుకున్నారు. అమెరికాలో అడిగితే ‘మా తాత దగ్గర ఉండేది’ అంటారు. మన దగ్గర? 9 ఎంఎం నిషిద్ధం, .38 సర్వీసు రివాల్వర్ నిషిద్ధం, .455 నిషిద్ధం. మిగిలిన సింహాసనం ఖాళీగా ఉంటే .32 ఎక్కి కూర్చుంది. ఇషాపూర్‌లో అశని పిస్టల్ .32. కాన్పూర్‌లో 2014లో ఆడవాళ్ల కోసమని తెచ్చిన నిర్భీక్ రివాల్వర్ .32. హర్దోయి దగ్గర సండీలాలో వెబ్లీ స్కాట్ పేరుతో పెట్టిన ప్రైవేటు ఫ్యాక్టరీ కూడా మొదట చేసింది .32 రివాల్వరే. లోకమంతా అరుదైన బోరు ఇక్కడ మారుతి 800!

‘మారుతి 800’ అనగానే పెద్దనాన్న నవ్వేశారు. ఆయన మొదటి కారు అదే.

మామ: ఇప్పుడు ప్రైవేటోళ్లు వచ్చిన్రు గద. కాన్పూర్ల అదానీ తూటాల ఫ్యాక్టరీ తెరిచిండు. 2024 ఫిబ్రవరిల. పేపర్ల చదివిన. మన హైదరాబాద్‌ల లోకేష్ మెషీన్స్ వాళ్లు అస్మి అని చిన్న మెషీన్‌గన్ చేస్తున్నరు. ఎద్దుమైలారంల సర్కారు ఫ్యాక్టరీ ఉండనే ఉన్నది.

అల్లుడు: ఎద్దుమైలారంలో చేసేది యుద్ధ వాహనాలు మామయ్యా, తూటాలు కాదు. అస్మి 9 ఎంఎం, సైన్యం 550 కొంది. మనం ముట్టుకోకూడదు. అదానీ వాళ్లు చేసేవి సైన్యానికీ పోలీసులకీ కావలసినవి. పదిహేను కోట్ల తూటాల లెక్కలు చెప్పేవాడు హైదరాబాద్‌లో ఒక పెద్దాయన పదకొండుకి ఇంకో యాభై కలుపుకుంటానంటే అచ్చు పోయిస్తాడా? అసలు ఖడ్కీలోని సర్కారు తూటాల ఫ్యాక్టరీనే చూడండి. సర్కారు బోర్డు కింద ఉన్నన్నాళ్లూ లాభం అడిగేవాడు లేడు. 2021 అక్టోబరు 1న ఆ బోర్డుని ఏడు కంపెనీలుగా విడగొట్టారు. మందుగుండు ఫ్యాక్టరీలన్నీ మ్యూనిషన్స్ ఇండియా అనే కంపెనీ కిందికి వెళ్లాయి. కంపెనీ అన్నాక ఏది గిట్టుతుందో చూసుకుంటుంది. రేపు .32 మీదే ఎవరికైనా అనుమానం రావచ్చు.

మామ: ఇప్పటిదాకా .32 మారుతి అన్నరు, ఇప్పుడు దానికే ఎసరు పెడుతున్నరు!

అల్లుడు: పెట్టట్లేదు. చట్టంలో ఆ గడి ఉన్నంతకాలం దానికి గిరాకీ ఉంటుంది. ఎప్పుడైనా సర్కారు 9 ఎంఎంని పౌరులకి వదిలిందనుకోండి, పదేళ్లలో .32 కూడా మీ .25 పక్కన వచ్చి కూర్చుంటుంది.

ఈ మాట నాకు నచ్చింది. బావ పదకొండేళ్లు టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉండి వచ్చాడు. అక్కడ మనవాళ్లలో తుపాకీ కొనే అలవాటు ఎలా మొదలవుతుందో కథలుగా చెబుతాడు. ముందు సరదాకి రేంజికి వెళ్లడం, తర్వాత ఇంట్లో ఒకటి, ఆపైన గరాజ్‌లో పెద్ద ఇనప్పెట్టె.

అల్లుడు: అక్కడ గెజిట్ అడ్డం లేదు, అంతా బజారే. అయినా బోర్లు చస్తాయి. మా టీమ్‌లో ఒకాయన .357 సిగ్ పిస్టల్ కొన్నాడు. టెక్సస్ రాష్ట్ర పోలీసులే మొదట ఎత్తుకున్న తూటా కదా, ఢోకా లేదన్నాడు. పోలీసులు తర్వాత 9 ఎంఎంకి మారిపోయారు. .45 గ్యాప్ అని గ్లాక్ కంపెనీ 2003లో ఒకటి తెచ్చింది. న్యూయార్క్, పెన్సిల్వేనియా, జార్జియా పోలీసులు పట్టుకున్నారు, మూడు రాష్ట్రాలూ వదిలేశాయి. దాన్ని పట్టుకున్న మామూలు జనం మిగిలారు. అరుదైన బోరుతో కాపురమంటే పెద్ద ఇంటి కోడలి మీద ఆధారపడ్డ పేద చుట్టం బతుకు. ఆవిడ పుట్టింటికి వెళ్తే వీళ్లకి అన్నం లేదు.

మామ: మీరు వీడియో కాల్ల చెప్పిన్రు గద, 2020ల దుకాణాలు ఖాళీ అయినయని. ఏవి ముందు ఖాళీ అయినయి?

అల్లుడు: ... 9 ఎంఎం.

మామ: మరి ఆ మీ దోస్తు .357?

అల్లుడు: అవి కొన్నాళ్లు షెల్ఫ్ మీద ఉన్నాయి.

మామ: (చెయ్యి బల్ల మీద తట్టి) గదే! ఊరందరు తాగే బావి ముందు ఎండుతది. ఎవ్వలు పోని బావిల నీళ్లుంటయి.

అల్లుడు: ఉంటాయి, పూడిక తీసేవాడు లేక ఒకనాడు పూడిపోతుంది. ఆ డబ్బాలు అయిపోయాక మళ్లీ ఎప్పుడొస్తాయని అడిగితే కొట్టువాడు ఆకాశంలోకి చూశాడు. 9 ఎంఎం మాత్రం ఏడాదిన్నరలో గుట్టలుగా వచ్చిపడింది.

అప్పటికి టీ రెండోసారి వచ్చింది. బాల్కనీలోంచి ఒకప్పుడు సైబర్ టవర్స్ గుండ్రటి కప్పు కనిపించేదట. ఇప్పుడు ముందు లేచిన అద్దాల మేడలూ, వాటి నెత్తిన క్రేన్లూ తప్ప ఏమీ కనపడవు. పెద్దనాన్న ఆ వైపు వేలు చూపించారు.

మామ: అల్లుడుగారూ, ఒక్కటి అడుగుత. గా సైబర్ టవర్స్ తెరిచింది 98 నవంబర్‌ల, వాజ్‌పేయి వచ్చిండు. అప్పుడు మీవాళ్లు అమీర్‌పేటల ఏం నేర్చుకున్నరు?

అల్లుడు: వైటూకే రోజులు కదా. కోబాల్, మెయిన్‌ఫ్రేమ్.

మామ: కోబాల్ ఎప్పటిది?

అల్లుడు: 1959.

మామ: ఆయుధాల చట్టం ఎప్పటిది?

అల్లుడు: (నవ్వుతూ) 1959.

మామ: అమెరికా వాళ్లు పాతదని మర్చిపోయిన దాన్ని పట్టుకోని మీ హైటెక్ సిటీ లేచింది. పాతదానికి తూటాలు మేమిస్తమని పోయి డాలర్లు తెచ్చిన్రు. ఇప్పుడు నా పాత పిస్టల్ దిక్కు చూసి ‘సపోర్టు అయిపోయింది’ అంటున్నరు!

నేను గట్టిగానే నవ్వాను. బావకి తగలాల్సిన చోటే తగిలింది. రోజూ బ్యాంకుల పాత సిస్టమ్‌లని క్లౌడ్‌కి మార్చడమే అతని ఉద్యోగం.

అల్లుడు: బాగా కొట్టారు. కానీ కోబాల్ ప్రోగ్రాం లక్షసార్లు నడిపినా తరగదు. తూటా ఒక్కసారే. అర్జునుడికి అక్షయ తూణీరం ఉంది కాబట్టి గాండీవాన్ని ఏడాదిపాటు జమ్మి చెట్టు మీద పెట్టినా దించగానే పనికొచ్చింది. మీ తూణీరంలో పదకొండే ఉన్నాయి. ఖాళీ తూటా తొడుగుల్లో మళ్లీ మందు దట్టుకుంటామంటే, లైసెన్సు లేకుండా అది తయారీ కింద లెక్క. నేరం.

మామ: నేనెందుకు దట్టుకుంట? లెక్క చెప్పుత వినుండ్రి. మా నాయన తర్వాత ఇది నా చేతికొచ్చి నలభై ఏండ్లాయె. పేల్చింది నాలుగు. నాలుగూ కొత్త సంవత్సరం గిట్ల గాదు, లోపల తుప్పు పట్టిందా లేదా చూద్దామని. నలభై ఏండ్లకు నాలుగైతే పదకొండు ఎన్నేండ్లకు?

నేను: నూటపది.

మామ: సాలదా? అమ్మాయికి, దాని బిడ్డకి, ఆ బిడ్డ బిడ్డకి.

అల్లుడు: నూటపదేళ్లు అవి పేలాలి కదా మామయ్యా! ఈ చిలుము పట్టిన రెండూ ఇప్పుడు పేలతాయో లేదో మీరు చెప్పగలరా?

మామ: పేల్చి చూస్తే తెలుస్తది.

అల్లుడు: పేల్చి చూస్తే తొమ్మిది మిగులుతాయి. ఆ రెండూ పేలినంత మాత్రాన మిగిలిన తొమ్మిదీ పేలతాయని ఏమిటి? పరీక్షిస్తే తరిగిపోతాయి, పరీక్షించకపోతే నమ్మలేం. నేను భయపడేది దొంగోడి గురించి కాదు. ఇంట్లో పిస్టల్ ఉందన్న ధైర్యం మీ అమ్మాయికి ఉంటుంది, అవసరం పడ్డ క్షణాన అది టిక్ మంటుంది. ఆ ధైర్యం లేకపోతేనే నయం.

ఈ మాటకి పెద్దనాన్న దగ్గర జవాబు లేదు. నాకూ తోచలేదు. అరుదైన బోరు గురించి మాట్లాడేవాళ్లు ఎప్పుడూ ధర గురించో, దొరకడం గురించో మాట్లాడతారు. సాధన గురించి మాట్లాడరు. తూటాలు చవగ్గా దొరికే బోరు వాడే మనిషి రేంజికి వెళ్లి చెయ్యి కుదుర్చుకుంటాడు. పదకొండే ఉన్నవాడు వాటిని బంగారంలా దాచుకుంటాడు. దాచుకున్నకొద్దీ చెయ్యి మొద్దుబారుతుంది.

అంతలో అక్క ఆఫీసు నుంచి వచ్చింది. మైండ్‌స్పేస్ నుంచి ఇంటికి గంటన్నర పట్టిందని విసుగ్గా ఉంది. చదువుకునే రోజుల్లో సెంట్రల్ యూనివర్సిటీ రేంజిలో .22 కాల్చిన మనిషి. ఇషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి గెలిచిన రోజు ఈ ఇంట్లో స్వీట్లు పంచింది. ఆ పోటీ కూడా .22తోనే. అక్క ఒక తూటా వేళ్ల మధ్య తిప్పి, అడుగున ఉన్న మూతని గోటితో తడిమి, మళ్లీ పేపర్ మీద పెట్టింది.

“నాన్నా, నాకు కావాల్సింది లైసెన్సు కాదు, తాత పిస్టల్. అది పేలకపోయినా నాకేం కాదు. పేలేది కావాలంటే దీన్ని అమ్మి, పర్మిషన్ తీసుకుని .32 కొనుక్కోవాలి. రెండూ ఒకదానితో కావాలంటే కుదరదు.”

“పేలని పిస్టల్‌కి లైసెన్సెందుకు బిడ్డా?”

“అదేగా ఆయన పొద్దున్నుంచీ చెబుతున్నది.”

పెద్దనాన్న తూటాలు డబ్బాలో పెట్టడం మొదలుపెట్టారు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఆయన ఈ పిస్టల్‌ని తీసుకెళ్లి పోలీసు స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకుంటారు. 2023 నవంబరు అసెంబ్లీ ఎన్నికలకోసారి, 2024 మే లోక్‌సభకోసారి. మొదటిసారి స్టేషన్‌లో కుర్ర కానిస్టేబుల్ ఒకడు దాన్ని చూసి ‘సార్, ఇది నిజమైందేనా?’ అని అడిగాడట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన నవ్వుతారు గానీ ఆ నవ్వు నాకు నచ్చదు.

నన్నడిగితే నా తీర్పు ఇది. .32 ఉన్నవాళ్లు నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. చట్టం దానికి పక్క బోర్లన్నిటినీ తొలగించి దారి చేసి పెట్టింది. .25కి, పాత .30 మౌజర్ పిస్టల్‌కి ఆ దారి లేదు. వాటికోసం అచ్చు పోసే ఫ్యాక్టరీ ఈ దేశంలో లేదు, పోస్తుందనడానికి కారణమూ కనపడదు. 315కి పట్టిన అదృష్టం తూటా గొప్పతనం వల్ల పట్టింది కాదు. ఇంత అనుకున్నా, పెద్దనాన్న వైపు చూసి ఈ తీర్పు నేను పైకి అనలేదు.

మర్నాడు జమ్మి ఆకు ఇవ్వడానికి మళ్లీ వెళ్లాను. పిస్టల్ దేవుడి గదిలో ఎర్రగుడ్డ మీద, కుంకుమ బొట్టుతో ఉంది. ఫారం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. అన్ని గడులూ నింపారు. ‘బోరు’ అన్న గడి ఒక్కటే ఖాళీగా ఉంది.